నాట్ల బొమ్మ

"పొడిగుడ్డతో తుడువు. తడి తగిలిందంటే రంగు పోతుంది" అన్నాడు భర్త, దుకాణం షట్టరు ఎత్తుతూ.

పన్నెండేళ్లుగా రోజూ పొద్దున అదే మాట. ఆమె గుడ్డ దులిపి స్టూలెక్కి, సవతికి స్నానం మొదలుపెట్టింది.

సవతి అని పేరు పెట్టుకున్నది తనే. పైకి ఎన్నడూ అనలేదు. ఇళ్ల గోడలకు తగిలించుకునే పల్లె బొమ్మలు అమ్మే దుకాణం వాళ్లది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. బావి దగ్గర ఆడవాళ్లు, ఎడ్లబండి, మేకలు తోలుకెళ్లే ముసలాయన, అన్నిటి మధ్యా, వాకిలికి ఎదురుగోడ మీద, కిటికీ తలుపంత నాట్ల బొమ్మ. మూడు నెలల కిందట వచ్చింది. ఆరుగురు ఆడవాళ్లు మళ్లో వంగి వరి నాటుతుంటారు. అందరికన్నా ముందున్నది నల్లటి మనిషి. తలకు ఎర్రగుడ్డ. వంగిన వీపు మీద ఎండ పడి, నూనె పెట్టిన రాయిలా నిగనిగలాడుతుంటుంది.

"ఈ నలుపు చూడండి సార్" అంటాడు భర్త, వచ్చిన ప్రతివాళ్లతో. వేలు తగలకుండా, ఆ వీపు పొడవునా గాలిలోనే చెయ్యి నిమురుతాడు. "కష్టం చేసిన ఒంటికే వస్తుంది ఈ నిగారింపు. ఎంత సేపైనా చూడబుద్ధి అవుతుంది."

తెర వెనక ఫ్రేములకు మేకులు కొడుతూ ఆమె ఈ మాట ఎన్నిసార్లు విన్నదో! విన్నప్పుడల్లా సుత్తి ఒక దెబ్బ ఎక్కువ వేస్తుంది. మనిషైతే జుట్టు పట్టుకోవచ్చు. బొమ్మను ఏం చేస్తాం? అదే నలుపు తన ఒంటి మీద ఉన్నప్పుడు ఆ మనిషి కళ్లు ఏమయ్యాయి? పెళ్లి ఫోటోలో తన మొహం తెల్లగా చేయమని స్టూడియోవాడి పక్కన నిలబడి మరీ చేయించాడు. మొహం పిండితో చేసినట్టుంటుంది, చేతులు మాత్రం తనవే. ఫోటో చూసిన చుట్టం ఒకాయన "పెళ్లికూతురు చేతి తొడుగులు వేసుకుందా?" అని అడిగితే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వకపోతే బాగుండదని. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. అదే చెట్టుకు ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే అందరికీ రోగాలు కుదురుతాయి కాబోలు.

కొత్తలో ఆమె దుకాణంలోనే, గల్లాపెట్టె పక్క కుర్చీలో కూర్చునేది. బొమ్మలు అమ్మేది కూడా. ఆర్నెల్లు తిరక్కుండానే అత్తగారు "ఎదురుగా నువ్వు కూర్చుంటే బోణీ ఎలా అవుతుందే?" అన్నది. కుర్చీ ఖాళీ చేసి గది చివర ఫ్రేముల బల్ల దగ్గరకు జరిగింది. తర్వాత భర్త అడ్డంగా తెర కట్టాడు. "దుమ్ము రాకుండా" అన్నాడు. ఎవరి మీదకు రాకుండానో చెప్పలేదు. అత్తగారు పోయి నాలుగేళ్లయింది. తెర అక్కడే ఉంది. ఇప్పుడు ఆమె అద్దం కోసి, అట్ట కత్తిరించి, కొక్కెం బిగించి, తెర కింది నుంచి ముందుకు తోస్తుంది. "మా వర్క్‌షాపులో చేయిస్తాం సార్" అంటాడు భర్త.

అందుకే మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీసే వేళ, ఆమె చిన్న పని ఒకటి చేస్తుంది. స్టూలెక్కి సవతిని గోడవైపు తిప్పేస్తుంది. "కాసేపు నువ్వూ వెనకే ఉండు తల్లీ" అంటుంది. ఆయన లేచేలోపు మళ్లీ తిప్పుతుంది. చిన్నపిల్లల చేష్టని తెలుసు. తెలిసీ మానలేదు.

కిందటి వారం కాలేజీలో చరిత్ర చెప్పే మేడం వచ్చింది. నాట్ల బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. కొత్తింటి హాల్లోకి సరిగ్గా సరిపోతుందన్నది. ఫ్రేము మాత్రం వెడల్పుది మార్చాలి, వారంలో వచ్చి తీసుకెళ్తానన్నది. భర్త లోపలికి కేకేశాడు. ఆమె టీ పట్టుకొచ్చింది. మేడం కప్పు అందుకుని, మంచిగానే, నవ్వుతూనే అడిగింది.

"ఎన్నాళ్లనుంచి చేస్తున్నావమ్మా ఇక్కడ?"

ఆమె భర్తవైపు చూసింది. భర్త బొమ్మవైపు చూశాడు.

"ఆఁ, చాలా ఏళ్లేనండి. లోపల పనంతా తనే చూసుకుంటుంది."

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. అదే కాల్చింది. గోడమీది దాన్ని చూపించి వీపుతో సహా పరిచయం చేస్తాడు. కట్టుకున్నదాన్ని చూపించి ఆఁ అంటాడు. ఖాళీ కప్పు తీసుకెళ్తూ ఆమె సవతి వంక చూసింది. అది నవ్వుతోంది. వంగి నాట్లేస్తూ నవ్వుతోంది, ఏం మాయరోగమో!

మేడం వెళ్తూ కుర్చీలో పుస్తకం మరిచిపోయింది. లావుపాటిది. జాతివివక్ష చరిత్రట. "వచ్చినప్పుడు ఇద్దాం, లోపల పెట్టు" అన్నాడు భర్త. ఆమె లోపల పెట్టింది. తెరిచి పెట్టింది.

పదో తరగతి చదువు. వేలు కింద పెట్టుకుని చదివితే నడుస్తుంది. తలకాయలు కొలిచి మనుషులకు ఎక్కువ తక్కువలు కట్టారట. నీళ్ల కుళాయిలు వేరు పెట్టారట. వండి పెట్టే మనిషి వీధి గుమ్మంలోంచి రాకూడదు, పెరటి గుమ్మం ఉందిగా. ఒకచోట వేలు ఆగిపోయింది. పొలాల్లో బానిసలుగా మగ్గినవాళ్లను నవ్వుతూ పనిచేస్తున్నట్టు బొమ్మలు వేయించి, ఆ యజమానులే తమ హాళ్లల్లో పెట్టుకున్నారట. బొమ్మ హాల్లో, మనిషి పెరట్లో.

జాలి కలగాలి. కలిగింది. వెనకే కడుపులో ఇంకేదో రగిలింది, చెప్పుకుంటే సిగ్గుచేటు. వాళ్ల మీద కూడా అసూయే. వాళ్ల పెరటి గుమ్మం సంగతి ఎవరో రాసిపెట్టారు. ఇంత లావు పుస్తకం. చదివిన మేడం కళ్లు తుడుచుకునే ఉంటుంది. తన తెర గురించి ఎవరు రాస్తారు? దుమ్ము రాకుండా అన్నాడే, అది ఏ పేజీలో ఎక్కుతుంది?

ఆ కసితోనే ఫ్రేము పనికి కూర్చుంది. సవతిని దించి బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టింది. ఇంత తీరిగ్గా, ఇంత వెలుతురులో, ఆ నల్లవీపు వదిలి మిగతాదంతా చూడటం అదే మొదలు. పాత మేకులు పీకుతూ పీకుతూ చెయ్యి ఆపేసింది.

ఆరుగురూ వంగి ఉన్నారు. వాళ్ల ముందంతా ఖాళీ బురద. నాటిన పచ్చని వరసలన్నీ వాళ్ల వెనక.

ముందుకు నడుస్తున్నారు!

మొదట నమ్మలేదు. బొమ్మను చుట్టూ తిరిగి చూసింది. తర్వాత నవ్వొచ్చింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పెళ్లికి ముందు ఏడేళ్లు నాట్లు వేసింది తను. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. ముందుకు నడిస్తే వేసిన మొక్క వేసినట్టే తొక్కేసుకుంటూ పోవడమే. ఈ లెక్కన సవతి ఒక్క మొక్క బతకనిచ్చిందా? అమ్మ ఉంటే దీన్ని చెయ్యి పట్టుకుని మళ్లోంచి గట్టు మీదికి లాగేసేది. అమ్మ చెప్పే ముక్క ఒక్కటే: "మడమకి గట్టు తగిలిందాకా నడుం ఎత్తకు. తగిలాక ఎవరు చెప్పినా వంగకు."

పాపం, ఇది ఏనాడూ మళ్లోకి దిగిన మనిషి కాదు. వేసినవాడూ దిగలేదు, అమ్మేవాడూ దిగలేదు. మూడు నెలల కడుపుమంట ఆ బురదలో చల్లారిపోయింది. కాస్త వెలితిగా కూడా అనిపించింది, ఉన్న ఒక్క సవతీ పోయినట్టు.

మర్నాడు మేడం వచ్చింది. కొత్త ఫ్రేములో బొమ్మను గోడకు ఆనించి భర్త అందుకున్నాడు. "పల్లెల్లో నెలల తరబడి ఉండి వేశాడండి చిత్రకారుడు. ఈ నలుపు చూడండి..."

తెర తొలగింది. పుస్తకం పట్టుకుని ఆమె వచ్చింది.

"మీదేనండి. సగం చదివాను, ఏమనుకోకండి."

మేడం మొహంలో ఆశ్చర్యం దాగలేదు. "నువ్వా? చదివావా?"

"వేలు పెట్టుకుని చదివాన్లెండి. బొమ్మ తీసుకెళ్లేముందు ఒక్క మాట. వీళ్లు ముందుకు నడుస్తున్నారు. నాట్లేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. ఇలా నడిస్తే పంట ఉండదు."

"ఊరుకో!" అన్నాడు భర్త పళ్ల మధ్యనుంచి. "దానికేం తెలుసులెండి మేడం. పిచ్చిది."

"నీకెలా తెలుసమ్మా?" అన్నది మేడం.

"ఏడేళ్లు నాటాను. నడుం అడగండి, అదీ చెప్తుంది."

"మీది ఏ ఊరు? ఇల్లెక్కడ?"

"ఇల్లు ఇదేనండి. ఈయన మా ఆయన."

మేడం భర్తను చూసింది, బొమ్మను చూసింది, చేతిలో పుస్తకాన్ని చూసింది. చెంప మీద కొట్టినట్టు మొహం ఎర్రబడింది.

"నేను పుస్తకం మొత్తం చదివానమ్మా" అన్నది మెల్లగా.

భర్త నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "మేడంగారికి టీ పెట్టు. లోపలికి వెళ్లు. వెళ్లమన్నానా?"

పన్నెండేళ్ల అలవాటు. వీపు తిప్పి నడవటం కూడా మర్యాద కాదని నేర్పారు. మొహం వాళ్లవైపే ఉంచి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. కుర్చీ నుంచి బల్లకు, బల్ల నుంచి తెర వెనక్కి ఇలాగే జరిగింది కదా. మూడో అడుగులో, తెర దాటగానే, మడమకు వెనకగది గడప తగిలింది.

ఆమె నడుం ఎత్తింది.

తెరను తీగతో సహా ఊడబీకి, మడత పెట్టి, గల్లాపెట్టె పక్క కుర్చీ మీద దుమ్ము దానితోనే తుడిచింది. కూర్చుంది.

"పాలు పొయ్యి పక్కనే ఉన్నాయి" అన్నది భర్తతో. "నాక్కూడా ఒక కప్పు పెట్టండి."