నలభై ఇళ్ళ బురద

మురుగునీటి శుద్ధి కేంద్రంలో బురద పిండే యంత్రం నాది. ఇరవై రెండేళ్ళుగా నాదే. మురుగంతా మా దగ్గరికి వస్తుంది. తేటపడిన నీళ్ళు ఏటిలోకి వెళ్తాయి, అడుగున మిగిలిన బురదను నేను పిండి, ఆరబెట్టి, బస్తాలకెత్తుతాను. అది వేస్తే చచ్చుమొక్క కూడా చిగురిస్తుంది. అందుకే మాకో అలవాటు ఉంది. బాగా ఆరిన బస్తాలు ముందు కేంద్రంలో పనిచేసేవాళ్ళ, మా చుట్టాల పెరళ్ళకే వెళ్తాయి.

అలా నలభై ఇళ్ళకు నేనే మోశాను, గొప్పగా మీసం మెలేసుకుంటూ. అందరికంటే ఎక్కువ మా అక్కకు. అక్క కూతురు నన్ను ‘బురద మామయ్య’ అంటుంది. ఇప్పుడు దానికి ఏడో నెల.

సోమవారం పొద్దున మా ల్యాబ్ అమ్మాయి వచ్చి యంత్రం పక్కన నిలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“బాబాయ్, వానకోట్లకు నీళ్ళంటకుండా మందు పూసే ఫ్యాక్టరీ ఉంది చూడు, దాని మురుగుతో వచ్చి ఆ మందు మన బురదలో చేరింది. ‘పిల్ల కడుపుతో ఉంది, ఓసారి చూడు’ అని మీ అక్క బావి నీళ్ళు ఇచ్చావే. వాటిలోనూ ఉంది.”

“బావిలోకి ఎలా పోయింది?”

“మనం నీళ్ళలోంచి తీస్తే బురదకు పట్టుకుంది. అది విషం, కుళ్ళదు, నశించదు. మట్టిలో వేస్తే వాన పడ్డప్పుడల్లా కిందికి దిగుతుంది. పోనీ తగలబెడదామా అంటే, సరిగ్గా కాలకపోతే పొగలో లేచి ఇంకెక్కడో వానతో పడుతుంది. తల్లి నెత్తుట్లోంచి బిడ్డకూ పోతుంది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళాను. తాపీగా టీ తాగుతున్న ఆయనకు విన్నదంతా చెప్పాను.

“మూడు నెలల కిందటే తెలుసయ్యా,” అన్నాడు. “నీళ్ళు శుభ్రం చేయడం మన పని. నీళ్ళలోంచి తీసేశాం కదా.”

“తీసేసి ఎక్కడ పెట్టామండీ?”

“పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా నోరు మెదపకు. జనం బెదిరిపోతారు.”

మూడు నెలలు. అప్పుడే కదా ఈ పెద్దమనిషి ‘మా గులాబీలకు చాలయ్యా, ఇంక వద్దు’ అని తన వంతు బస్తాలు వెనక్కి పంపించాడు. ఎందుకు వద్దంటున్నాడో ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా?

“మీరొద్దన్న బస్తాలు మా అక్క పెరట్లో పోశానండీ,” అన్నాను. “పద్దెనిమిది బస్తాలు. నా చేతులతో.”

ఆయన కప్పులోకి చూశాడు తప్ప నా వైపు చూడలేదు. చెంప పగలగొట్టాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని బయటికి వచ్చి, యంత్రం ఆపేసి, లారీ తాళం తీసుకున్నాను. నలభై ఇళ్ళకూ చెప్పాలి. ముందు అక్క ఇంటికి వెళ్ళాను.

మేనకోడలు వంటింట్లో గ్లాసెత్తి తాగబోతోంది. చేతిలోంచి లాక్కున్నాను.

“ఏంటి మామయ్యా, కాచి చల్లార్చినవే కదా.”

“కాస్తే పోదే తల్లీ. నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.”

అంతా చెప్పాను. ఫ్యాక్టరీ సంగతి, సూపరింటెండెంటు సంగతి, చివరికి నా సంగతి. అది పీట మీద కూలబడి, కడుపు మీద చెయ్యి వేసుకుని విన్నది. ఒక్క తిట్టు తిట్టినా నాకు బాగుండేది.

లేచి, గట్టు మీద నిండుగా ఉన్న బిందెల వైపు చూసింది.

“మరి ఈ నీళ్ళు ఎక్కడ పారబోయను?”

పెరట్లో పోస్తే మళ్ళీ బావిలోకి దిగుతాయి. తూములో పోస్తే తిరిగి నా యంత్రం దగ్గరికే వస్తాయి. ఇరవై రెండేళ్ళ పనివాణ్ణి, ఒక్క గ్లాసు నీళ్ళు ఎక్కడ పొయ్యాలో నాకు తెలియలేదు.

“పారబొయ్యకు,” అన్నాను. “మూతలు పెట్టు. నలభై ఇళ్ళ బిందెలూ లారీ ఎక్కించి ఆ సూపరింటెండెంటు గదిలోనే దించుతాను. ఎక్కడ పొయ్యాలో ఆయననే చెప్పమందాం.”