ఓకేరాణి

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: పాప ఏడుస్తుంటే తనకు వినపడని రోజు వస్తుందని. చెవుడు వస్తుందని కాదు. చెవులు బానే ఉంటాయి, పాప ఒళ్ళోనే ఉంటుంది, ఏడుపు మాత్రం ఎవరింటి బిడ్డో ఏడుస్తున్నట్టు ఉండిపోతుందని. ఇప్పటికే అది గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటోంది. ఆ గోడ రోజురోజుకూ మందమవుతోంది.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎవరేమడిగినా ఆమె ఓకే అంటుంది.

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను ఓకేరాణి అంటారు. అది కొంత పని వల్ల వచ్చిన పేరే. ఆమెది ఆఖరి చెకింగ్ బల్ల. ఇస్త్రీ దిగిన పసిపిల్లల గౌన్లు వేడివేడిగా కుడివైపు నుంచి వస్తాయి. ఒక్కోదాన్నీ తిరగేసి, మెడ కుట్టు మీద వేలు పోనిచ్చి, రెండు చంకలూ చూసి, బొత్తాలు లాగి, అంచు తడిమి, "ఓకే" అని పైకి అని ఎడమపక్కకు తోయాలి. ఆ మాట చెవిన పడితే తప్ప ప్యాకింగ్ మనిషి బట్ట ముట్టుకోడు.

ఎదురుగా కూర్చుని మిగిలిపోయిన దారాలు కత్తిరించే ఆవిడను అందరూ కత్తెరక్క అంటారు. చేతిలో కత్తెర కన్నా నోట్లోదే పదును.

"ఏమే ఓకేరాణీ, పెళ్ళిచూపుల్లో పిల్లాడు నచ్చాడా అంటే కూడా ఇదే మాటన్నావా?"

"అన్నాను."

"మరి ఆయనేమన్నాడు?"

"ఆయనా అదే అన్నాడు."

"ఇంకేం, గంతకు తగ్గ బొంత."

బల్ల చుట్టూ నవ్వారు. ఆమె పెదవులు కూడా నవ్వాయి.

చదువు తొమ్మిదిలోనే ఆగిపోయింది కానీ, ఇంగ్లీషు పీరియడ్‌లో మాస్టారు ఒక మాట ఇచ్చి దీనికెన్ని అర్థాలని అడిగితే ముందు లేచే చెయ్యి ఆమెదే. ఆ అలవాటు పోలేదు. గౌన్లు తిరగేస్తూ లోపల్లోపల ఓకేకు అర్థాలు ఏరుతుంటుంది. సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి "ఓకేనా?" అంటే, ఇంకా కాలేదా అని. కుట్టు వంకర పోయిందని చెబితే మిషన్ మీది పిల్ల అనే ఓకే, విన్నాను, ఇక దయచెయ్ అని. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన ఫోన్లో ఓకే అంటే పెట్టేస్తున్నానని. బ్రేకులు చూసి ఓకే అంటే మాత్రం అచ్చంగా ఓకే అని, దాని మీద బస్సెడు ప్రాణాలుంటాయి. అత్తగారు సాగదీసి "ఓకేలేమ్మా" అంటే, నీ ఇష్టం, దీని సంగతి తర్వాత చూస్తానని. సరే, అలాగే, కానీ, చాలు, పోనీ, మంచిది. తెలుగులో ఇన్ని మాటలు చేసే చాకిరీ అదొక్కటే చేస్తుంది.

తను అనేదానికి మాత్రం ఆమెకు ఏ అర్థమూ దొరకలేదు. ఖాళీ ఇంట్లో కుళాయి కారినట్టు దానంతటది పడుతుంది, అంతే.

పాపకు ఐదో నెల రాగానే ఆమె మళ్ళీ పనిలో చేరింది. పగలు పాప అత్తగారి దగ్గర. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అత్తగారు అడుగుతుంది, "ఎలా ఉందమ్మా ఒంట్లో?" అని. "ఓకే అత్తయ్యా." ఆ మాట సగంలో ఉండగానే అత్తగారు వంటింట్లో ఉంటుంది. పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతూనే ఉంటుంది మరి.

ఆ రోజూ అంతే. కాకపోతే పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"మధ్యాహ్నం నుంచి ఇదే గోల. కాస్త చూడు, నా రెక్కలు పడిపోయాయి" అని అత్తగారు పాపను మంచం మీద ఆమె ముందు పడుకోబెట్టి పాలు కాచడానికి వెళ్ళింది.

ఆమె చూసింది. వెల్లకిలా ఉన్న పాపను బోర్లా తిప్పింది. మెడ దగ్గర వేలు పోనిచ్చింది. రెండు చంకలూ చూసింది. బొత్తాలు లాగింది, అంచు తడిమింది. వేడిగా తగిలింది. ఇప్పుడే ఇస్త్రీ దిగినట్టుంది అనుకుంది. "ఓకే" అని ఎడమపక్కకు తోసింది.

మంచానికి ఆ పక్క గోడ ఉంది కాబట్టి సరిపోయింది.

తర్వాతి గౌను కోసం ఆమె చేతులు కుడివైపుకు వెళ్ళాయి. అక్కడ ఏమీ లేదు. చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

అత్తగారు పాలగిన్నెతో గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. గిన్నె కింద పెట్టి పాపను ఎత్తుకుంది.

"ఒళ్ళు పేలిపోతోంది కదే. ఇందాకటిదాకా ఇంత లేదు. ఏం చూశావు నువ్వు?"

"గౌను చూశాను అత్తయ్యా."

ఆ మాటన్నాక ఆమెకు భయం వేయాలి. వేస్తుందేమోనని ఆగింది కూడా. వేయలేదు.

భర్త డిపో నుంచి గ్రీజు చేతుల్తోనే పరిగెత్తుకొచ్చాడు. పక్క వీధిలో ఉన్న పిల్లల డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురూ కలిసి పాపను తీసుకెళ్ళారు. ఆవిడ చిన్న లైటు పెట్టి పాప చెవులు చూసింది.

"చెవిలో చీము పట్టింది. జ్వరం దానిదే. మందు వేయండి, తగ్గిపోతుంది" అని తలెత్తి, ఓ మూల చేతులు వేలాడేసుకుని నిలబడ్డ తల్లిని చూసింది. "నువ్వెలా ఉన్నావమ్మా?"

"తను ఓకేనండి, డ్యూటీకి కూడా వెళ్తోంది" అన్నాడు భర్త.

డాక్టరమ్మ ఆయన వైపు తిరగలేదు. పెన్నుకు మూత పెట్టి ఆమెనే చూస్తూ కూర్చుంది. బయట తర్వాతి బిడ్డ దగ్గుతోంది. అయినా కూర్చుంది.

అడిగి ఇంతసేపు ఆగిన మనిషి ఆమెకు ఈమధ్య తగల్లేదు. ఓకే నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో బ్రేకులు గుర్తొచ్చాయి.

"కాదండీ" అంది. "పాప ఏడుపు నాకు గోడ అవతల నుంచి వినిపిస్తుంది. ఒళ్ళు కాలుతుంటే ఇస్త్రీ వేడి అనుకున్నాను. తోసేశాను." ఎవరి సంగతో చెబుతున్నట్టు, గొంతు పెరగకుండా తగ్గకుండా చెప్పింది.

భర్త చేతుల గ్రీజు చూసుకుంటూ ఉండిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదే?" అంది అత్తగారు.

"మీరు అడగలేదు అత్తయ్యా."

"రోజూ గుమ్మంలోనే అడుగుతున్నాను కదే."

"అడిగి వంటింట్లోకి వెళ్ళిపోతారు."

అత్తగారు పాపను భుజం మార్చుకుంది.

కాన్పయ్యాక కొందరు తల్లులకు ఇలా అవుతుందనీ, ఇది పొగరూ కాదు, పిచ్చీ కాదు, జబ్బేననీ, దీనికి వేరే డాక్టరు ఉన్నారనీ డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడ, ఎప్పుడు వెళ్ళాలో భర్తకు రెండుసార్లు చెప్పి, తిరిగి అతని చేత చెప్పించుకుంది.

పాప చెవి తొందరగానే మానింది. తల్లి జబ్బు అంత తొందరగా మానడం లేదు. ఆ వేరే డాక్టరు ఇచ్చిన మందు వేసుకుంటోంది. సంగతి తెలిశాక కత్తెరక్క "ఏమే" అని పిలిచి, జవాబు వచ్చాక కూడా కత్తెర కింద పెట్టి ఆగుతోంది. అత్తగారు పొయ్యి కట్టేసి వచ్చి మరీ అడుగుతోంది. ఇంట్లో కూర మాడడం తగ్గిందని కొడుకు అంటే, "నీ మొహం" అంటోంది. గోడ ఇంకా ఉంది. కాకపోతే నిన్న పాప ఏడుస్తుంటే ఆమెకు చిరాకేసింది. నెలల తర్వాత వచ్చిన చిరాకు. పోతుందేమోనని, పాపను ఎత్తుకుని కాసేపు ఆ చిరాకును అలాగే ఉంచుకుంది.

మీ ఇంట్లోనో, పక్క వాటాలోనో ఈమధ్యే బిడ్డను కన్న పిల్ల ఉంటే, ఒకసారి వెళ్ళి చూసి రండి. ఎలా ఉన్నావని అడగండి. ఓకే అంటుంది. వెంటనే లేవకండి. పొయ్యి మీద ఏమున్నా సరే, ఇంకాసేపు కూర్చోండి.