ఇరవై రెండడుగుల మంచినీళ్ళు

“స్టూలు గట్టిగా పట్టుకో, దయా!”

ప్రతి ఆదివారం మందిరం నుంచి వచ్చిన అరగంటకి రాజబాబు నోట ఈ మాట రావలసిందే. పాస్టరు గారి ఆశీర్వాదం చెవుల్లో ఇంకా ఆరకముందే తెల్లచొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు. వారంలో ఆరు రోజులూ అవనిగడ్డలో ఓ సహకార సంఘం ఆఫీసులో గుమాస్తా. ఆరు రోజులు పనిచేసి ఏడోరోజు దేవుడు విశ్రాంతి తీసుకున్నాడు గానీ, రాజబాబు మాత్రం సరిగ్గా ఆ ఏడోరోజే సృష్టి మొదలుపెట్టేవాడు. ఒకసారి వీధి తలుపు బిగుసుకుందని చిత్రిక పట్టాడు. పట్టీ పట్టీ చివరికి అది పడకగది కిటికీకి సరిగ్గా సరిపోయింది. ఇంకోసారి ఫ్యాను బాగుచేస్తే, స్విచ్చి ఆపాక కూడా గంటసేపు తిరిగి, కోడూరు రోడ్డు మీద వెళ్ళే కల్లుగీత కార్మికుడి తలపాగా ఎగరగొట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. తలపాగా సంగతి అబద్ధమైనా ఫ్యాను సంగతి నిజం.

స్టూలుకి నాలుగు కాళ్ళే చేశానని వడ్రంగి అనుకున్నాడు గానీ, పద్నాలుగేళ్ళుగా అది ఆరు కాళ్ళ మీద నిలబడుతోంది. మిగిలిన రెండూ దయామణివి. ఆమె పట్టుకునేది. అందించేది. పని అయ్యాక రాలిన సున్నం, తీగముక్కలు, చెక్కపొట్టు ఊడ్చేది. మూడు మేకులు పళ్ళ మధ్య, టార్చిలైటు ఒక చేత్తో, స్టూలు ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషి పొయ్యిమీద కోడికూర కూడా చూసుకోవాలి. కూర అడుగంటితే పైనుంచి మాట పడేది: “ఆదివారం ఒక్కపూటన్నా కూర సరిగ్గా దించలేవా? నాకిక్కడ రెండు చేతులూ ఖాళీ లేవు.”

ఆయనకు రెండే చేతులు. తనకెన్ని ఉన్నాయో దయామణి ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

కానీ కింద నిలబడి చూసేవాళ్ళకి పైకెక్కిన మనిషికి కనిపించనివి కనిపిస్తాయి. ఏ మర వంకరగా ఎక్కిందో, ఏ తీగ వదులుగా ఉందో ఆమెకు తెలిసేది. చెబితే, “నువ్వు పట్టుకో, చాలు” అనేవాడు. అందుకని చెప్పడం మానేసింది. సోమవారం పొద్దున ఆయన బస్సెక్కగానే తలుపు గడియపెట్టి, తనే స్టూలెక్కి, కత్తిపీట పక్కనుండే చిన్న చాకుమొనతో ఆ మరలు విప్పి మళ్ళీ బిగించేది. స్టూలు పట్టుకునేవాళ్ళు లేరు. పడలేదు కూడా. సాయంత్రం ఆయనొచ్చి, కిర్రుమనకుండా తిరుగుతున్న ఫ్యాను కేసి తలెత్తి చూసి, “చూశావా, రెండ్రోజులు ఆగితే అదే సర్దుకుంటుందని చెప్పానా!” అనేవాడు. ఆమె టీ ఇచ్చేది.

దీనిమీద బాధపడాలని ఆమెకు తోచలేదు, కూతురు జెస్సీ ఏడోతరగతి తెలుగు నోటుబుక్కు చూసేదాకా. ‘మా ఇంట్లోవారి వ్యాపకాలు’ అని వ్యాసం. నాన్న రిపేర్ల మీద ఒకటిన్నర పేజీ. నాన్నమ్మ ప్రార్థనల మీద అయిదు లైన్లు. ఆ తరువాత ఒక్క ముక్క: ‘మా అమ్మకి వ్యాపకం ఏమీ లేదు. ఖాళీగా ఉంటే నాన్నకి సాయం చేస్తుంది.’ పక్కనే టీచరు ఎర్రసిరా టిక్కు. పిల్ల అబద్ధం రాయలేదు, చూసిందే రాసింది. సోమవారం పొద్దున పిల్ల బడిలో ఉంటుంది కదా! ఆ రాత్రి చపాతీలు ఒత్తుతూ దయామణి ఆ ఎర్రటిక్కు గురించే ఆలోచించింది. ఒక మనిషి సంగతి రెండు వాక్యాల్లో అయిపోతే, దానికి ఇంకో మనిషి సరేనని గీత కూడా గీసేసింది.

ఆ ఎండాకాలమే రాజబాబు ఏదో పనిమీద బందరు వెళ్ళి, వాళ్ళ ఆఫీసరు గారింట్లో డాబామీద ట్యాంకూ, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయిలూ చూసొచ్చాడు. వారం తిరక్కుండా మోటారొచ్చింది.

“ఇరవై రెండడుగుల బోరు చేతిపంపుకైతే చాలుద్ది గానీ, మోటారుకి ఏం చాలుద్ది? ఇంకో పదిహేనడుగులు దించాల్సిందే,” అన్నాడు.

దయామణి చేతిలో చేట ఆగిపోయింది. “కిందికి దించితే ఉప్పు తగుల్తదండీ. శోభనాద్రి బాబాయి ఆనాడే చెప్పాడు.”

“శోభనాద్రి ఏం చదివాడు? నువ్వేం చదివావ్?”

ఆమె పదో తరగతి చదివింది. దాంట్లో బోర్ల పాఠం లేని మాట నిజమే. కానీ దివిసీమలో పుట్టినవాళ్ళకి ఆ పాఠం వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ నేల కింద మంచినీళ్ళు పాలమీద మీగడలాగా పల్చగా పరుచుకుని ఉంటాయి. ఆ కింద ఉన్నదంతా సముద్రమే. మీగడలో ఆగితే మంచినీళ్ళు. ఆశపడి జానెడు కిందికి దిగితే ఉప్పు. పద్నాలుగేళ్ళ కిందట, ఆమె కాపురానికొచ్చిన నెలలోనే, ఈ పెరట్లో బోరు దించింది శోభనాద్రి. అయిదడుగులకోసారి గొట్టంలోంచి పైకొచ్చిన నీళ్ళు రుచి చూడాలి. “చుట్టలు కాల్చి కాల్చి నా నాలిక చెక్కయిపోయిందమ్మాయ్, నువ్వు చూసి చెప్పు” అని కొత్తకోడలి దోసిట్లో పోశాడు. ఇరవై రెండడుగుల దగ్గర “ఇక చాలు బాబాయ్” అన్నది ఆమే. రాజబాబు ఆ పూట పందిట్లో కూర్చుని పేపరు చదువుతున్నాడు. తరువాత ఆ కథ “నేను ఇరవై రెండడుగుల దగ్గర ఆపించాను” అని మారి ఊరంతా తిరిగింది.

ఇప్పుడా ఆపించినవాడే ఎక్కడినుంచో మిషనువాళ్ళని తెచ్చి, రెండు గంటల్లో పాత గొట్టం పీకించి, ముప్ఫై ఏడడుగులకు దింపించాడు. మోటారు వేస్తే ఏనుగు తొండం లావున నీళ్ళు దూకాయి. దయామణి చెంబుతో పట్టి నోట్లో పోసుకుని, పక్కకి తిరిగి ఉమ్మేసింది.

“కొత్త పైపు వాసనది. రెండ్రోజుల్లో పోద్ది,” అన్నాడు రాజబాబు.

రెండ్రోజులు పోయాయి గానీ ఉప్పు పోలేదు. పప్పు ఉడకడం మానేసింది. టీ విరిగింది. సబ్బు నురగ రాలేదు. అత్తగారు కృపావరమ్మ ఎవరినీ నేరుగా తిట్టే మనిషి కాదు, తిట్లన్నీ ప్రార్థనలో కలిపి పైకి పంపేది. “ప్రభువా, మా కోడలికి ఉప్పుచెయ్యి తగ్గించు తండ్రీ. చారులో వేసిందంటే సరే, మజ్జిగలో వేసిందంటే సరే, కాఫీలో కూడానా తండ్రీ!” రాజబాబు మాత్రం ఇరుగుపొరుగు చూస్తుండగా అరుగుమీద నిలబడి గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, “ఒంటికి మంచివి, ఖనిజాలు” అనేవాడు. అలా తాగీ తాగీ ఆయన మీసాలమీద ఉప్పు పేరుకుందనీ, దులిపితే ఆవకాయ జాడీకి సరిపోయిందనీ పక్కింటావిడ లక్ష్మీకాంతం చెప్పని మనిషి లేడు.

మందిరం దగ్గరి పంపునుంచి రోజుకు ఎనిమిది బిందెలు మోసుకొచ్చింది దయామణి. నాలుగు పొద్దున, నాలుగు సాయంత్రం. తొమ్మిదోరోజు ఆరో బిందె కాలవగట్టు మీదికి ఎక్కేసరికి నడుము కలుక్కుమంది. బిందె దించి కూర్చుంది. మోటారు బిగించడాన్ని రిపేరు అంటారు. ఈ మోసే పనిని ఏమంటారు? దీనికి పేరు లేదు, దీని మీద వ్యాసం రాయరు. ఆయన ఒక ఆదివారం చేసినదాన్ని తను సోమవారం నుంచి శనివారం దాకా నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. ఫ్యానుదీ అంతే, తలుపుదీ అంతే. చాటుగా సరిచేసినన్నాళ్ళూ తను సరిచేసినట్టే కాదు. అలా అనుకునేసరికి కోపం వస్తుందనుకుంది. రాలేదు. ఒంట్లో ఏదో వదులుగా ఉన్న మర తిన్నగా బిగిసినట్టయింది. బిందె అక్కడే తుమ్మచెట్టు మొదట్లో పెట్టేసి, ఇంటివైపు కాక, పక్క ఊళ్ళో శోభనాద్రి ఇంటివైపు నడిచింది.

డెబ్భై దాటిన శోభనాద్రి నులకమంచం మీద చుట్ట పట్టుకుని ఉన్నాడు. అంతా విని నవ్వాడు. “మీ ఆయన బావిలో కప్పని కూడా ఈత రాదని గట్టెక్కించే రకం. సరే, ఏం చేద్దామంటావ్?”

“కొత్త బోరు వేస్తాను బాబాయ్. నీ సామాను కావాలి.”

“నా చేతుల్లో చేవ లేదే.”

“నిన్ను రమ్మనట్లేదు. సామాను అడుగుతున్నా.”

ముసలాయన చుట్ట తీసి ఆమె వంక తేరిపార చూశాడు. తరువాత మంచం కింద తుప్పుపట్టిన గొట్టాలవైపు వేలు చూపించాడు. “ముందు ఆ లోతు బోరుని అడుగుదాకా బంకమట్టి కూరి పూడ్చు. లేకపోతే ఆ ఉప్పు పైకి ఎగబాకుద్ది. దానికి ఇరవై గజాలు ఎడంగా కొత్తది దించు. మోటారు మాత్రం పెట్టకు. మీగడని చెంచాతో తియ్యాలిగానీ గరిటెతో కాదు.”

శనివారం సాయంత్రం అన్నాలదగ్గర చెప్పింది. అడగలేదు, చెప్పింది. “రేపు మందిరం నుంచి వచ్చాక బోరు వేస్తున్నానండీ. మీరూ లక్ష్మీకాంతం వదినా కర్ర పట్టుకోవాలి.”

రాజబాబు ముద్ద నోటిదగ్గర ఆగింది. “నువ్వు బోరు వెయ్యడమేంటే? ఊరంతా నవ్వుద్ది.”

“ఇప్పుడూ నవ్వుతున్నారుగా. ఉప్పునీళ్ళు తాగుతా నవ్వించుకునే బదులు మంచినీళ్ళు తాగుతా నవ్వించుకుందాం.”

కృపావరమ్మ నోట్లో ప్రార్థన ఏదో మొదలై మధ్యలో ఆగిపోయింది.

ఆ ఆదివారం ఎండ నిప్పులు చెరిగింది. ముందు మోటారు పీకి, లోతు బోరుని బంకమట్టితో పూడ్చారు. గొట్టానికి అడ్డంగా కర్ర కట్టి, రాజబాబు ఒక పక్క, లక్ష్మీకాంతం ఒక పక్క పట్టుకుని ఎత్తి దించుతున్నారు. స్టూలు మీద నిలబడ్డ దయామణి అరచేత్తో గొట్టం మూతి మూస్తూ తెరుస్తూ ఉంది. ఎత్తినప్పుడు మూయాలి, దించేటప్పుడు వదలాలి. ఆ లయ తప్పకపోతే బురదా ఇసుకా నీళ్ళతో కలిసి పైకి చిమ్ముతాయి, గొట్టం తనంతట తనే కిందికి దిగుతుంది. పదడుగులకే రాజబాబు ఎగరొప్పాడు. లక్ష్మీకాంతం, “అన్నయ్యగారూ, ఖనిజాలు బాగా పట్టినట్టు లేవే!” అంది. స్టూలు ఊగింది. ఎవరో వచ్చి పట్టుకున్నారు. దయామణి వంగి చూస్తే, తెల్లచీర కొంగు బొడ్లో దోపి అత్తగారు. “నా వంక చూస్తావేం, పని చూడు,” అంది కృపావరమ్మ.

పదిహేనడుగులకి చప్పగా, బురదవాసన. పద్దెనిమిదికి తియ్యదనం మొదలైంది. ఇరవైకి ఇంకా బాగుంది. ఇరవై రెండు దగ్గర దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది. నాలుక మధ్యలో తియ్యగా, చల్లగా. ఇంకో జానెడు దిగాక మళ్ళీ పట్టింది. నాలుక అంచుల్లో, ఎంతో సన్నగా, సూదిమొనంత చురుకు.

“ఆపండి.”

“ఎందుకైనా మంచిది, ఇంకో రెండడుగులు...” రాజబాబు కర్ర ఎత్తబోయాడు.

పద్నాలుగేళ్ళలో ఆమె ఆయన మాట మధ్యలో మాట వెయ్యలేదు. “ఆపమన్నాను. కింద ఉన్నది మనది కాదు, సముద్రానిది. ఒక జానెడు పైకి లాగండి.”

లక్ష్మీకాంతం ఎప్పుడో వదిలేసింది. రాజబాబు ఒక్కడే కర్ర పట్టుకుని పెరట్లో నిలబడి ఉన్నాడు. ఆమె మొహంలోకి చూశాడు. బురద చింది, జుట్టు చెదిరి, ఆ మొహం ఆయన ఎప్పుడూ కింది నుంచి చూసింది కాదు. కర్రకి భుజం ఆనించి, జానెడు పైకి లాగాడు.

సాయంత్రానికి పాత చేతిపంపు బిగించారు. మొదటి చెంబు బురద, రెండోది తెలుపు, పదోది మంచినీళ్ళు. కృపావరమ్మ తాగి, చెంబు దించి, ఏ ప్రార్థనా చెయ్యకుండా ఇంకో చెంబు తాగింది. రాజబాబు గ్లాసు ఖాళీ చేసి, మీసం తుడుచుకుని, మళ్ళీ పంపు కింద పెట్టాడు. మర్నాడు ఆఫీసులో “మేం బోరు వేశాం” అన్నాడట. ‘నేను’ లోంచి ‘మేం’ దాకా రావడానికి ఆయనకి పద్నాలుగేళ్ళు పట్టింది. దయామణి ఆ మాట విని నవ్వుకుంది. అది కొంచెమే అయినా, తీసెయ్యదగ్గ కొంచెం కాదు.

నెల తిరిగాక ఒక ఆఫీసు సెలవురోజు పొద్దున, పక్క ఊరి భుజంగరావు గారు ట్రాక్టరు మీద వచ్చి గుమ్మంలో ఆగారు. “రాజబాబు గారున్నారా అమ్మా? మా ఇంట్లో బోరుకి ఉప్పు తగిలింది. ఆయనొచ్చి చూస్తే...”

రాజబాబు లోపల్నుంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. “పదండి, చూద్దాం. దయా, నువ్వూ రా, రుచి చూడ్డానికి నువ్వుండాలి.”

దయామణి బియ్యం కడుగుతోంది. ఇప్పుడు ఆయన వెనకాల వెళ్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆయన చెబుతాడు, తను రుచి చూస్తుంది. చేతిలో స్టూలు లేదన్నమాటే గానీ, అదే పని. చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది.

“బోరు చూసేది నేనండీ భుజంగరావు గారూ. నేనే వస్తాను. సామాను పట్టుకోడానికి మా లక్ష్మీకాంతం వదిన కూడా వస్తుంది.”

గోడవతల నుంచి, “వచ్చేస్తున్నా వదినా, జడేసుకుంటున్నా!” అన్న కేక.

భుజంగరావు గారు ఒకసారి రాజబాబు వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, “అట్టాగేనమ్మా, ఎవరైతే ఏం, నీళ్ళు తియ్యగా రావాలి,” అన్నారు.

రాజబాబు గుండీ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. “అదేంటి, నువ్వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఎవరుంటారు? అన్నం? అమ్మ మందులు? జెస్సీ?”

దయామణి చెప్పులు వేసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. ఏ ఇంట్లోనైనా ఏ పొద్దునైనా చెప్పుకునే మామూలు మాటలాగా అంది.

“మీరున్నారుగా.”