జాబితాలో లేని మందు

మందుల షాపు కౌంటరు మీద మూడు కవర్లు ఉండాలి. రెండే ఉన్నాయి. మా ఆయన షుగరు మాత్రలదొకటి, మా అత్తగారి బీపీ మాత్రలదొకటి. నాదేదని అడిగితే షాపతను కంప్యూటర్లోకి చూస్తూ, "మీ ఇంజెక్షన్ ఈ నెల నుంచి మీ ఇన్సూరెన్స్ ప్లాన్‌లో రాదండీ, లిస్టులోంచి పోయింది," అన్నాడు. సొంతంగా కొనుక్కుంటే ఎంతవుతుందని అడిగాను. అతను చెప్పిన ధరకి నా వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఇంట్లో ఇంకొక్క ఇంజెక్షనే మిగిలింది. ఆ రెండు కవర్లూ సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టాను.

నాకు కీళ్ళవాతం. నాలుగేళ్ళ కిందట పొద్దున్నే పిడికిలి విడివడేది కాదు. కుళాయి తిప్పలేకపోయేదాన్ని, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయేదాన్ని. అదంతా పని తప్పించుకునే జబ్బని మా అత్తగారు ఫోనులో వాళ్ళ చెల్లెలికి చెప్పేవారు. పనేం తప్పలేదు. మణికట్ల మధ్య గిన్నె ఇరికించుకుని తోమాను. సీసా మూత తియ్యమంటే మా ఆయన ఒక నిట్టూర్పు విడిచి, టీవీలో వార్తలయ్యాక తీసేవారు. రెండు రకాల మాత్రలు వాడాను. ఒకదానికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, ఇంకోదానికి కడుపులో పుళ్ళు పడ్డాయి. అప్పుడు డాక్టరమ్మ రెండు వారాలకోసారి వేసుకునే ఈ ఇంజెక్షన్ రాసింది. మూడో నెలకి సూదిలో దారం ఎక్కించాను. ల్యాబులో రక్తం తీసేది నా ఉద్యోగం. చాలామందికి నరం కంటికి కనపడదు, వేలికొసకి తగలాలి. నా వేళ్ళే నా బతుకు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో టిఫిన్ డబ్బా తెరిచి పెట్టుకుని ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు వాళ్ళ సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది. రెన్యువల్ అప్పుడు మావారు వేరే ప్లాన్ ఎంచుకున్నారట. అందులో ముందు పాత మాత్రలు ఆరునెలలు వాడాలట, అవి పనిచెయ్యలేదని తేలితే అప్పుడు ఇంజెక్షన్ సంగతి చూస్తారట. అవెప్పుడో వాడేశాను, కాగితాలున్నాయి అన్నాను. "అది పాత ప్లాన్‌లో కదండీ. ఇందులో మళ్ళీ వాడాలి," అందా అమ్మాయి మర్యాదగా. అంటే నా కీళ్ళు ఇంకోసారి పాడై సాక్ష్యం చెప్పాలి. ఆ రూలు ఎవరు రాశారో నాకు తెలీదు, వాళ్ళ పాపాన వాళ్ళే పోతారు. కానీ ఆ ప్లాన్ ఎదురుగా టిక్కు పెట్టిన చెయ్యి ఎవరిదో తెలుసు. మా ఇంట్లో ఇన్సూరెన్స్ కాగితం ప్రతిదీ నేనే నింపుతాను. అత్తగారి కంటి ఆపరేషన్‌కి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఈ ఒక్కటీ ఆయన ఆఫీసులో కూర్చుని నింపేశారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాను. ఇందులో జిమ్ ఫ్రీ అని, ఆఫీసులో అందరూ ఇదే తీసుకున్నారని తలెత్తకుండా చెప్పారు. మందుల లిస్టు చూశారా అంటే చూశానన్నారు. ఆయన మాత్రలున్నాయో లేవో చూసుకున్నారు, వాళ్ళమ్మగారివీ చూసుకున్నారు. మరి నాది?

"నువ్విప్పుడు బాగానే ఉన్నావుగా. ఇంకా ఆ సూదెందుకు?"

"ఆ సూది ఉంది కాబట్టే బాగున్నాను," అన్నాను.

అలిసిపోయి వచ్చినవాణ్ణి తిననివ్వవా అన్నారు అత్తగారు. నేను వచ్చి గంట కూడా కాలేదు, వచ్చి వండిందే వాళ్ళ కంచాల్లో ఉంది. మర్చిపోయానని ఆయన ఒక్క మాట అని ఉంటే నా కోపం చల్లారేదేమో. మర్చిపోలేదు. లిస్టు మీద వేలు పెట్టి చదివి, నా దగ్గరికొచ్చేసరికి ఆ వేలు ఎత్తేశారు. పదిహేనేళ్ళుగా ఆ వేలికి ఉంగరంలా ఉన్నాననుకున్నాను. ఇంతా చేసి ఆ జిమ్‌కి రెండు రోజులు వెళ్ళారు.

మిగిలిన ఇంజెక్షన్ వేసుకున్నాను. అది అయిపోయిన నాలుగోవారానికి వేళ్ళు వాచాయి. ఒకరోజు ల్యాబుకి తోటపని చేసే ఒకావిడ వచ్చింది. చేతినిండా నరాలే, కళ్ళు మూసుకుని తియ్యొచ్చు. రెండుసార్లు గుచ్చాను, రెండుసార్లూ తప్పింది. మూడోసారికి ఆవిడ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, "ఇంకొకర్ని పిలవమ్మా, ఏమనుకోకు," అంది. నాకు నొప్పి కలక్కుండా అంది, అదే ఎక్కువ నొప్పి. మా ఇన్‌చార్జి కొన్నాళ్ళు పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చోమంది. ఆ కొన్నాళ్ళు ఎలా సాగుతాయో నాకు తెలుసు. నా కుర్చీలోకి అప్పుడే ఇంకొకరొచ్చి కూర్చున్నారు. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మా ల్యాబుకీ ఒక ప్లాన్ ఉంది. ఎనిమిదేళ్ళ కిందట ఉద్యోగంలో చేరినప్పుడు, ఒకే కొంపకి రెండెందుకు, నాదాంట్లో ఉన్నావుగా అని మా ఆయన అంటే వద్దని సంతకం పెట్టాను. జీతాల కాగితాలు చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నా ఇంజెక్షన్ వాళ్ళ లిస్టులో ఉంది. ఒకటో తారీఖు నుంచి వస్తుంది. ఈ ఏడాదికి చేరడానికి ఈ శుక్రవారమే ఆఖరు. అయితే ముందు భర్త ప్లాన్‌లోంచి పేరు తీయించుకున్నట్టు చూపించాలంది. ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను.

"ఆఫీసులో ఏమనుకుంటారు? పెళ్ళాం పేరు కొట్టించేశాడంటారు. నా పరువేం కావాలి? వచ్చే ఏడు చూద్దాంలే," అన్నారు.

వచ్చే ఏటికి నా వేళ్ళు కొక్కేలవుతాయి. పరువుకి మందక్కర్లేదు కాబట్టి అది నిక్షేపంలా ఉంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబు మెట్ల మీద కూర్చుని ఇన్సూరెన్స్ వాళ్ళకి మళ్ళీ ఫోన్ చేశాను. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఎవరి పేరు వాళ్ళే తీయించుకోవచ్చట, భర్త సంతకం అక్కర్లేదట. ఎనిమిదేళ్ళలో నాకెవరూ చెప్పని మాట అది, నేనూ ఎవర్నీ అడగని మాట. పేరు తీసేసినట్టు ఉత్తరం సాయంత్రంలోగా పంపిస్తానంటూ ఫోన్లో అమ్మాయి నా పేరు, పుట్టినతేదీ అడిగి రాసుకుంది.

"కారణం పెట్టాలండీ. ఇందులో మూడే ఉన్నాయి. ఉద్యోగం తరఫున వేరే ఇన్సూరెన్స్, విడాకులు, భర్త మరణం. ఏది పెట్టమంటారు?"

"మొదటిది పెట్టమ్మా," అన్నాను. "ప్రస్తుతానికి."