ఒక పక్కే చూసిన ఓడ

నీళ్లు లేకుండా ఓడను ముంచడం ఎవరికైనా చేతనవుతుందా? మీకు చేతనైంది, పార్కు కొలను కమిటీ పెద్దలారా. ఇరవై రెండేళ్లు దాన్ని విరిగిన కుర్చీల కింద, ఎండిపోయిన రంగు డబ్బాల పక్కన ముంచి ఉంచారు. మా మామయ్య చనిపోయిన నెలలోనే, ఆయన చేసిన చిన్న ఓడను "ప్రదర్శనకు" అంటూ పట్టుకెళ్లారు. మా అత్త అడిగినప్పుడల్లా "వెతుకుతున్నామమ్మా" అన్నారు. వెతకడానికి మీ స్టోర్‌రూము ఏమన్నా సముద్రమా? పదడుగుల గది. చివరికి దానికి చీటీ కట్టి తోపుడుబండి ఎక్కించారు. ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది: "ఆటబొమ్మ. ఏ ఓడకూ నమూనా కాదు. తుక్కు."

బండికి అడ్డం పడింది నేనే. బస్సు డిపోలో సొట్టలు తీసి రంగులు వేసే పని నాది. అక్కడ నన్ను మైకు అంటారు. ఎందుకో ఈపాటికి మీకూ తెలిసే ఉంటుంది.

మీ కార్యదర్శిగారు కళ్లద్దాలు మెడలో వేలాడేసుకుని వచ్చారు.

"ఇది మీ మామయ్యదని రుజువేంటమ్మా?"

"మా అత్త చెబుతోందిగా."

"ఆవిడ మాట చాలదు. రూలు ప్రకారం ఇది ఏ ఓడో తేల్చాలి, ఎవరు చేశారో చూపించాలి. రెండు నెలలు టైమిస్తున్నా. ఆ తర్వాత తుక్కుకే."

పట్టుకెళ్లిన రోజున ఈ రూలు ఏ గూట్లో నిద్రపోయిందో!

ఓడ పొడవు నాలుగున్నర అడుగులు. నేనూ మా అన్నయ్యా చెరో కొస పట్టుకుని అత్త ఇంటి మెట్లెక్కించాం. అన్నయ్య రేడియోలు బాగుచేస్తాడు. ఎంత నిదానమంటే, స్క్రూ విప్పేముందు దాని అనుమతి అడుగుతాడేమో అనిపిస్తుంది.

అత్త ఏడుస్తుందనుకున్నాను. తడిగుడ్డ తెచ్చి ఓడను ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచి, "చిక్కిపోయింది" అంది.

"ఇది ఏ ఓడ అత్తా?"

"ఓడంటే ఓడే. పేరు నాకేం తెలుసే? మీ మామయ్య 'ఆవిడ' అనేవాడు. నాకు సవతి."

మామయ్య రేవులో ఓడలవాళ్ల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. ఆదివారాలు ఈ ఓడను పార్కు కొలనులో రేడియోతో నడిపేవాడు. ఇవతలి గట్టున ఆయన మీట పట్టుకుని, అవతలి గట్టున అత్త వెదురుకర్ర పట్టుకుని.

"గట్టుకు గుద్దుకుంటే తోయడం నా ఉద్యోగం. పన్నెండేళ్లు తోశాను," అంది అత్త. "నాకు ఇంకేం వద్దే. ఆయన నిలబడ్డ చోట నిలబడి ఒక్కసారి ఆ మీట నేను నొక్కాలి. అంతే."

ఈ ఒక్క మాట కోసమే ఈ కథంతా. గుర్తుపెట్టుకోండి.

విప్పి చూస్తే పొట్టంతా సబ్బుపొడి డబ్బాల రేకు. లోపలివైపు డబ్బాల మీది నురగ బొమ్మలు ఇంకా చెక్కుచెదరలేదు. తుపాకీ గొట్టాలు పాత పెన్నులు. పొగగొట్టం గంజిపొడి డబ్బా. బ్యాటరీ కారి అడుగు తినేసింది. ఆ ముక్క కోసేసి కొత్త రేకు అతికాను. అది నా పని, మూడు రోజుల్లో అయిపోయింది. రేడియో అన్నయ్య పని. దాని సంగతి అడక్కండి.

ఇప్పటి బొమ్మల్లా రెండు చేతులతో ఆడించే రిమోటు కాదది. ఒక డబ్బా, దానికి ఒకే మీట. నొక్కి పట్టుకుంటే చుక్కాని కుడికి తిరుగుతుంది, వదిలితే తిన్నగా వస్తుంది, మళ్లీ నొక్కితే ఎడమకు. చుక్కానిని తిప్పే బలం మెలితిప్పిన రబ్బరుది. ఆ రబ్బరును ఒక్కో మెట్టు వదలడమే రేడియో చేసే పని. కిందటిసారి ఎటు తిప్పామో గుర్తులేకపోతే ఓడ తిన్నగా గట్టుకే.

"మతిమరుపు వాళ్లు నడపకూడదన్నమాట," అన్నాడు అన్నయ్య.

"అందుకే నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదురా. నాకు మతిమరుపట! ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మర్చిపోయి కబుర్లు చెప్పిందెవరంట?"

పాత రబ్బరు జిగురు ముద్దైపోయింది. అత్త లోపలికెళ్లి తన లంగాలోంచి లాగిన ఎలాస్టిక్కు తెచ్చింది. అన్నయ్య సిగ్గుతో చచ్చి, సైకిల్ ట్యూబును సన్నగా కోసుకున్నాడు. రేడియోలో చిటికెనవేలంత గాజుగొట్టాలు రెండున్నాయి. వాటికి కావలసిన బ్యాటరీ ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. చిన్న చదరపు బ్యాటరీలు ఏడింటిని వరుసగా కలిపాడు. ఒక మధ్యాహ్నం అత్త మీట నొక్కితే "టిక్" అని చుక్కాని కుడికి తిరిగింది. "నొక్కింది బల్లమీద. ఇది లెక్కలోకి రాదు," అంది అత్త వెంటనే.

ఇక ఏ ఓడో తేల్చాలి. అన్నయ్య సెలవురోజులన్నీ గ్రంథాలయంలోనే గడిపాడు. చివరికి ఒక పాత పుస్తకంలో తీరం కాపలా కాసే చిన్న యుద్ధనౌక పటం దొరికింది, రెండు పక్కలదీ. కుడిపక్క అచ్చు గుద్దినట్టు మనదే. గుండ్రటి కిటికీలు పదిహేడు, లంగరు రంధ్రం, పొగగొట్టం మీద వంకర నిచ్చెన, అన్నీ సరిపోయాయి. నేను ఎగిరి గంతేశాను. ఓడను తిప్పాం. ఎడమపక్క ఒక్కటి కలిస్తే ఒట్టు. అక్కడ ఉండాల్సిన కిటికీలు లేవు, ఉండకూడని మెట్లున్నాయి. మధ్యలో అరచేయంత గుండ్రటి కిటికీ ఒకటి.

కార్యదర్శిగారికి చూపిస్తే నవ్వారు. "ముందు గుర్రం, వెనక గాడిద. అందుకేనమ్మా బొమ్మ అని రాసింది. ఇంకా పదిరోజులున్నాయి."

నాకు ఒళ్లు మండింది. ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి, చెప్పకపోతే మిమ్మల్ని తిట్టే హక్కు నాకుండదు. మామయ్య ఎడమపక్క తొందరలో తగలేశాడనుకున్నాను. పటం గోడకు అంటించి, ఎడమపక్కనంతా పీకి కొత్తగా చేసేద్దామని పట్టకారు పట్టాను. డిపోలో చేసే పనేగా, సొట్టపడ్డ రేకు పీకు, కొత్తది వెయ్యి. మూడు కమ్మీలు ఊడదీశానో లేదో, వెనక నుంచి అత్త నా మణికట్టు పట్టుకుంది.

"నా మెట్ల కమ్మీలు ఎందుకు పీకుతున్నావే?"

"నీ కమ్మీలేంటి అత్తా?"

"మన మెట్లవి కావూ? రోజూ పట్టుకుని ఎక్కుతున్నావుగా, కళ్లు నెత్తికెక్కాయా?"

అన్నయ్య లేచాడు. అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. బయటికెళ్లి అత్త ఇంటి మెట్ల పక్క కమ్మీలు లెక్కపెట్టాడు. పద్నాలుగు ఉండాలి, ఆరోది ఎప్పుడో ఊడిపోయింది. ఓడలోనూ ఆరోది లేదు. అది మేము దెబ్బతిన్న చోటనుకున్నాం. వంటగది గోడ సందుకు గాలిరెక్కలు మూడు, మధ్యది వాలిపోయి ఉంటుంది. ఓడలోనూ వాలిపోయింది.

అత్త కింద కూర్చుని కాళ్లు చాపుకుంది.

"ఆయన్ని ఓడ ఎక్కనిచ్చేవాళ్లు కాదే. పాసు రేవుగట్టు వరకే. బట్టల మూటలు పైనుంచి తాడుతో దించేవాళ్లు, ఉతికినవి మళ్లీ ఆ తాడుకే కట్టాలి. ఆ ఓడ ఎప్పుడొచ్చినా కుడిపక్కే గట్టుకు ఆనించేవాళ్లు. పదకొండేళ్లు ఆ పక్కే చూశాడు."

"మరి ఈ పక్క?"

"ఒకరోజు అడిగాడు. 'రెండోపక్క ఎలా ఉంటుందో తెలీదే, ఏం పెట్టను?' అని. నేను తల దువ్వుకుంటున్నా. తెలీకపోతే తెలిసింది పెట్టవయ్యా అన్నా."

పదకొండేళ్లు వాళ్ల కాలర్ల మురికి వదలగొట్టిన మనిషిని గట్టుకూ ఓడకూ మధ్య వేసే నాలుగడుగుల చెక్క దాటనివ్వలేదు! అరవబోయాను. అత్త ముఖం చూసి నోరు మూసుకున్నాను. డిపోలో చెబితే నమ్మరు.

"ఈ పెద్ద గుండ్రటి కిటికీ మన ఇంట్లో లేదు కదత్తా?" అన్నాడు అన్నయ్య.

"లేదురా. గాలి ఆడట్లేదు, ఒక పెద్ద కిటికీ పెట్టించవయ్యా అని పోరుపెట్టేదాన్ని. ఇల్లు మనది కాదాయె, ఓనరు ఒప్పుకోలేదు." కొంగుతో ఆ కిటికీ అద్దం తుడిచింది. "ఓడకు పెట్టాడు."

పీకిన మూడు కమ్మీలు ఆ సాయంత్రమే మళ్లీ అతికాను. ఆరోదాని ఖాళీ ఖాళీగానే వదిలాను. ఆ ఖాళీకి ఎవరన్నా కమ్మీ పెట్టబోతే చెయ్యి విరగ్గొడతాను.

కార్యదర్శిగారిని ఇంటికే రప్పించాం. కళ్లద్దాలు పెట్టుకుని మెట్ల దగ్గర ఒకసారి, ఓడ దగ్గర ఒకసారి, మళ్లీ మెట్ల దగ్గర వేలుపెట్టి లెక్కపెట్టారు. గాలిరెక్కలు చూశారు. అత్త ఇచ్చిన మంచినీళ్లు తాగి, కాగితం మీద ఇలా రాసి సంతకం పెట్టారు. కుడిపక్క ఆ యుద్ధనౌక, ఎడమపక్క ఈ ఇల్లు, చేసింది ఈవిడ భర్త. అబద్ధమెందుకు, సంతకం పెట్టాక ఆ గుండ్రటి కిటికీని ఇంకోసారి వంగి చూశారు.

అంతా అయ్యాక అసలు మాట బయటపెట్టారు. "గొప్ప వస్తువమ్మా! మా ఆఫీసులో గాజుపెట్టెలో పెడదాం. ఆయన పేరు రాయిస్తాం."

"గాజుపెట్టెలో పెడితే అది మడతపెట్టి బీరువాలో దాచిన చొక్కా బాబూ," అంది అత్త. "ఎవరు తొడుక్కోను?"

"కొలనులో నీళ్లెక్కడివమ్మా? అడుగంతా పగుళ్లు..." అని నీళ్లు నమిలారు. నాలుగేళ్లుగా మీ కొలనులో లేని నీళ్లన్నీ మీ నోట్లోనే ఉన్నాయి.

పగుళ్లు ఇప్పుడు లేవు. రెండు ఆదివారాలు మా డిపోవాళ్లం ఆరుగురం మోకాళ్లమీద కూర్చుని సిమెంటు పూశాం. అన్నయ్య ఒక్క పగులు పూశాడు, కానీ బ్రహ్మాండంగా పూశాడు. ఆరిపోయింది. బకెట్లతో నీళ్లు పోసి చూశాం, చుక్క ఇంకలేదు.

మొన్న అత్తను ఆ ఎండు కొలను గట్టుకు తీసుకెళ్లాం. మామయ్య నిలబడే రాయి దగ్గర నిలబడి చాలాసేపు అటూ ఇటూ చూసింది.

"ఇక్కణ్ణుంచి చూస్తే పోయేటప్పుడు రేవుపక్క కనపడుతుంది, మళ్లుకుని వచ్చేటప్పుడు ఇల్లు. నేను అవతల ఉండేదాన్నిగా, నాకు ఎప్పుడూ ఇల్లు వెళ్లిపోవడమే కనపడేది. ఆయనకు మాత్రం రోజూ తిరిగొచ్చేదే." నా భుజం మీద చెయ్యేసింది. "నాక్కూడా ఒకసారి రానీ."

విన్నారా? మీ సన్మానాలు, పేరు పలకలు తర్వాత చూసుకుందాం. నీళ్ల వాల్వు గది తాళంచెవి కార్యదర్శిగారి కుడిజేబులో ఉంది, నడుస్తుంటే గలగలలాడుతుంది, అందరం విన్నాం. శనివారం పొద్దున్నే ఆ గది తెరవండి. వాల్వు పూర్తిగా తిప్పండి. రెండడుగుల నీళ్లు చాలు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఓడతో వస్తున్నాం. అవతలి గట్టున వెదురుకర్ర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇరవై రెండేళ్లు "వెతుకుతున్నాం" అన్నవాళ్లలో ఎవరో ఒకరు వచ్చి ఆ కర్ర పట్టుకోండి.