సైదమ్మ మునుం

2019 జూలై ఎనిమిది, ఉదయం తొమ్మిదింబావు. మబ్బు కమ్మి ఉంది. వాన లేదు, గాలీ లేదు. నల్లగొండలోని ఒక దవాఖానలో సైదమ్మ మోకాలి ఎక్స్‌రేలు రెండు తెరమీద పక్కపక్కనే వెలుగుతున్నాయి. ఒకటి నిరుటిది, రెండోది అప్పుడే తీసింది.

మోత్కూరు దగ్గరి తమ ఊళ్లో నాట్ల గుంపుకు ఏళ్లతరబడి మునుం పట్టింది సైదమ్మే. మునుం పట్టి అందరికన్నా ముందు సాగే ఆమె నడకే వరుసంతటికీ నడక. నిరుడు ఒక డాక్టరు మోకాట్లో గుజ్జు అరిగిందన్నాడు. నడిస్తే అరిగేది కూర్చుంటే మిగులుతుందని తలచి ఆమె మంచం దిగడం మానేసింది. నొప్పి తగ్గకపోగా, లేవడానికి కోడలు స్వర్ణ చెయ్యి అవసరమైంది. మునుం గుంపులోనే ఉన్న జంగమ్మకు పోయింది. సైదమ్మ తట్టుకోలేకపోయింది ఆ ఒక్కదాన్నే.

"ఎముకల నడుమ గుజ్జుండే సందు నిరుడెంతో ఇప్పుడూ గంతే, పెద్దమ్మా" అంది కసరత్తులు నేర్పే మమత.

"కూసున్నందుకు గుజ్జు మిగిలింది గదా, బిడ్డా."

"మరి లేస్తవా?"

సైదమ్మ లేవబోయి కోడలి చెయ్యి పట్టుకుంది. మమత ఆమె తొడమీద స్కాన్ పరికరం ఆనించింది. తెరమీద కండ పలచని పొరలా కనిపించింది.

"నా కోడలిది గూడ చూపియ్యి."

స్వర్ణ కండ దానికి రెండింతలు మందంగా ఉంది.

"మోకాలి బరువు మోసేది గీ కండనే. కూసుంటే కరిగింది" అంది మమత.

"బండి అరుగుతదని ఎద్దు కడుపు ఎండగట్టిన్నన్నట్టు" అంది సైదమ్మ.

ఆ రోజునుంచి సైదమ్మ కుర్చీలో కూర్చుని, చీలమండకు ఇసుక సంచి కట్టుకుని, కాలు చాచి దించడం మొదలుపెట్టింది. మొదట్లో పళ్లు బిగబట్టేది.

"మునుం పట్టినదానివి, గీ సంచికి భయపడ్తవా అత్తా?" అనేది స్వర్ణ.

"నువ్వు కట్టుకొని చూడు, తెలుస్తది."

సంచి బరువు పెరిగింది. దసరానాటికి ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది.

ఆ చలికాలం యాసంగి నాట్లకు సైదమ్మ పొలం చేరేసరికి జంగమ్మ నవ్వింది. "గట్టుమీద కూసోని పాట పాడక్కా. నాటు మేమేస్తం."

సైదమ్మ చీర ఎగదోపి మడిలో దిగింది. బురద కాలిని గుంజింది. తొడ బిగిసింది, కాలు పైకొచ్చింది. మోకాలు కొంచెం సలిపినా నిలబడింది. జంగమ్మ మునుం వదిలి పక్కకు జరిగింది.

పొద్దు నెత్తిమీదికి వచ్చాక వెనకబడ్డ జంగమ్మ గొంతు వినిపించింది. "జర నిలువక్కా. మావి గూడ కాళ్లే."

సైదమ్మ నిలవలేదు.

2025లో తీసిన ఎక్స్‌రేలో ఎముకల నడుమ ఆ సందు ఇంకొంచెం ఇరుకైంది. ఆ వానకాలం నాట్లకూ మునుం పట్టింది సైదమ్మే.