ఏడో నంబరు జెర్సీ

“ఏదో జరగబోతోందనిపిస్తోందే నాకు. ఆ సారు వస్తే ఎదురు చెప్పకు తల్లీ. ఏమన్నా సరేనండి అనెయ్,” అంది తెరేసమ్మ, జెర్సీ కాలరుకు సబ్బు రుద్దుతూ.

కూతురు స్టెల్లా సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. యూనివర్సిటీ ఆడపిల్లల కబడ్డీ జట్టుకు కోచ్ ఆమె. కాంట్రాక్టు ఉద్యోగం, స్పోర్ట్స్ డైరెక్టరు ఏటా సంతకం పెడితేనే ఉంటుంది. మగపిల్లల జట్టు బట్టలు లాండ్రీకి వెళతాయి, ఆడపిల్లలవి కోచ్ ఇంటికి వస్తాయి. “లేడీ కోచ్ ఉండగా లాండ్రీ ఎందుకమ్మా” అన్నారట డైరెక్టర్ లక్ష్మీకాంత్ గారు, ఆమె చేరిన కొత్తలోనే. స్టెల్లా పొద్దస్తమానం గ్రౌండ్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ చాకిరీ వన్ టౌన్ గోడౌన్ల వెనక ఇరుకు పెరట్లో తెరేసమ్మ చేతుల మీద పడింది. “తల్లీకూతుళ్ళిద్దరికీ కలిపి ఒకటే ఉద్యోగం,” అని నవ్వుతాడు తెరేసమ్మ భర్త జాన్‌బాబు.

పెళ్ళైన కొత్తలో వచ్చినవాళ్ళ ముందు తెరేసమ్మ ఏదో అనబోతే, “నీకేం తెలుసని? లోపలికెళ్ళు,” అన్నాడతను. ఆ వెళ్ళడం వెళ్ళడం ఇప్పటికీ లోపలే ఉంది. లోపల ఉన్నవాళ్ళకు భయపడటం తప్ప పనేముంటుంది? కూతురు ఆడినన్నాళ్ళూ కాలు విరుగుతుందని భయం, కోచ్ అయ్యాక ఉద్యోగం ఊడుతుందని భయం.

బకెట్లో చివరగా ఏడో నంబరు మిగిలింది. అది సింధూరిది. చల్లపల్లి పిల్ల, జట్టుకంతా ఆమే దిక్కు. ప్రాక్టీసులో మోకాలు మెలిపడితే, హాస్టల్లో చూసేవాళ్ళు లేరని స్టెల్లా ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడూ గదిలో పడుకునే ఉంది. ఆ వాచిన కాలిని బాత్రూందాకా నడిపిస్తున్నది తెరేసమ్మే. “మళ్ళీ ఆడతానా ఆంటీ?” అని ఆ పిల్ల అడిగినప్పుడు కాలి కింద దిండు సర్దింది. జెర్సీ అందుకోబోయి, ఎందుకో చెయ్యి రాక బకెట్లోనే వదిలేసింది.

కాసేపటికే లక్ష్మీకాంత్ గారు రానే వచ్చారు. రేపు ఫైనల్, పెద్దవాళ్ళంతా వస్తున్నారు, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించి కాసేపైనా సింధూరిని దింపాలన్నారు.

“లిగమెంటు తెగిపోతుందన్నారు సార్ డాక్టరు గారు. నేను దింపను,” అంది స్టెల్లా.

ఆయన కోప్పడలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, “జూన్‌లో నీ రెన్యువల్ ఉంది కదమ్మా,” అన్నారు.

దింపుతుందిలెండి, చిన్నపిల్ల, తెలియక అంటోందని సర్దబోయాడు జాన్‌బాబు. లక్ష్మీకాంత్ గారు గుమ్మంలో నిలబడ్డ తెరేసమ్మ వైపు తిరిగారు.

“మీరైనా చెప్పండమ్మా. తల్లి మాట కాదనదుగా.”

లోపలికెళ్ళమని జాన్‌బాబు కళ్ళతోనే అన్నాడు. ఇందాకటి మాటే మళ్ళీ వినాల్సొస్తుందని కాబోలు, స్టెల్లా తల దించుకుంది. గదిలో మంచం కిర్రుమంది. దండెం మీది జెర్సీల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. లక్ష్మీకాంత్ గారు చేతి గడియారం చూసుకున్నారు. తెరేసమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

“నాకు భయమేనండి,” అంది చివరికి. “అయినా ఆ ఏడో నంబరు నేను ఉతకను.”